స్కీలు తొడిగిన పునీతుడు



పునీతుల పటాలు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. చేతిలో సిలువ, లేకుంటే లిల్లీ పువ్వు. తల చుట్టూ వెలుగు, పైకెత్తిన కళ్ళు. ఈ వారం మీరు కలుసుకోబోయే పునీతుని ఫొటోలలో ఇవేవీ కనిపించవు. బరువైన బూట్లు, నోట్లో పొగాకు పైపు, చేతిలో మంచుగొడ్డలి, కొన్నింటిలో కాళ్ళకు స్కీలు. పక్కన నవ్వుతూ యువతీ యువకుల గుంపు. ఆయన పేరు పియెర్ జోర్జో ఫ్రస్సాతి. ఇటలీ దేశంలోని తూరిన్ నగరంలో 1901 ఏప్రిల్ 6న, పవిత్ర శనివారం నాడు పుట్టారు. 1925 జూలై 4న, 24 ఏళ్ళకే కన్నుమూశారు. 2025 సెప్టెంబరు 7న పదునాలుగవ లియో జగద్గురువులు ఆయనకు పునీత పట్టం ఇచ్చారు.

మరణానికీ పట్టానికీ మధ్య నూరేళ్ళు గడిచాయి. అందులో 37 ఏళ్ళు ఆ కొండ ప్రయాణాల మీద పుట్టిన అనుమానం వల్లే పోయాయంటే మీకు వింతగా ఉండవచ్చు. తూరిన్ అగ్రపీఠంలో 1932లో ఆయన జీవితంపై దర్యాప్తు మొదలైంది. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి మంచు కొండలకు వెళ్ళేవారట, అక్కడేం జరిగిందో ఎవరికి తెలుసు అన్న గుసగుస రోము దాకా పోయింది. 1941లో పన్నెండవ పయస్ పాపుగారి కాలంలో పని ఆగిపోయింది. మళ్ళీ 1978లో ఆరవ పౌలు పాపుగారు తలుపు తెరిచే వరకు ఆ కాగితాలు అలాగే ఉండిపోయాయి. కాబట్టి ఆ ప్రయాణాలలో అసలు ఏముందో మనం కాస్త దగ్గరకు వెళ్ళి చూద్దాం.

మనకు మంచు అంటే క్రిస్మసు నెలలో తెల్లవారుజామున గడ్డి మీద తడి, పొలాల మీద తెల్లటి తెర. పొద్దెక్కితే అదీ ఉండదు. ఆల్ప్స్ పర్వతాల మంచు అలాంటిది కాదు. నవంబరులో పడడం మొదలైతే మనిషి లోతున పేరుకుపోతుంది. ఇళ్ళ కిటికీలు మూసుకుపోతాయి, కనుమలు దారి ఇవ్వవు. ఆ మంచులో కాళ్ళు కూరుకుపోకుండా నడవడానికి ఉత్తర దేశాలవారు కనిపెట్టిన సాధనమే స్కీలు. మనిషి కంటే పొడవైన రెండు చెక్క బద్దలు, ముందు కొస పైకి వంచి ఉంటుంది. వాటిని తోలు పట్టీలతో బూట్లకు బిగించి, చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, వాలు మీద జారుతూ దిగుతారు.

ఇటలీ దేశానికి ఈ విద్య తూరిన్ గుండానే వచ్చింది. స్విట్జర్లాండు నుండి వచ్చి అక్కడ స్థిరపడిన అడాల్ఫో కిండ్ అనే ఇంజనీరు 1890ల చివర స్కీలు తెప్పించుకుని పరీక్షించాడు. చూసినవాళ్ళు నవ్వారేమో గాని, ఆయన చుట్టూ కొందరు చేరారు. ఆ దేశపు మొదటి స్కీ క్లబ్బు 1901లో తూరిన్‌లోనే ఏర్పడింది. మన పియెర్ జోర్జో పుట్టిన సంవత్సరమూ అదే. ఊరి నుండి పడమటికి సూసా లోయ మీదుగా ఫ్రాన్సుకు రైలు మార్గం అప్పటికే ఉంది. తెల్లవారకముందే రైలెక్కితే ఉద్యోగస్తుడైనా, విద్యార్థి అయినా ఒక్క ఆదివారంలో మంచు కొండకు వెళ్ళి రాత్రికి ఇల్లు చేరవచ్చు.

ఈనాడు మీరు ఆ లోయకు వెళితే సెస్త్రియెరే, బర్దొనెక్కియా వంటి ఊళ్ళలో తీగల మీద నడిచే లిఫ్టులు మిమ్మల్ని కూర్చోబెట్టుకుని శిఖరం దగ్గర దింపుతాయి. 2006 శీతాకాల ఒలింపిక్సులో కొండ మీది పోటీలు అక్కడే జరిగాయి. పియెర్ జోర్జో కాలంలో లిఫ్టు లేదు. సెస్త్రియెరేలో లిఫ్టులూ హోటళ్ళూ వచ్చింది 1930లలో. అప్పటి స్కీయరు స్కీల అడుగున సీలు చర్మపు పట్టీలు కట్టుకునేవాడు. రోమాలు వెనక్కి వాలి ఉంటాయి కనుక స్కీ ముందుకు జరుగుతుంది గాని వెనక్కి జారదు. అలా మూడు నాలుగు గంటలు చెమటోడ్చి ఎక్కాలి. పైన పట్టీలు విప్పి సంచిలో పెట్టుకుని దిగితే ఆ జారుడు ఎంతసేపు? అరగంట కూడా ఉండదు. అంత కష్టపడితే అంత కాస్త సంతోషం. నాకైతే అందులోని న్యాయం బాగా నచ్చుతుంది.

వసంతకాలపు స్కీయింగు గురించి మీకు విడిగా చెప్పాలి. మార్చి చివర, ఏప్రిల్, మే నెలల్లో లోయ అడుగున పచ్చిక బయటపడుతుంది. కరుగుతున్న మంచు అంచుల్లో క్రోకస్ పూలు తలెత్తుతాయి. మంచు ఉన్న ఎత్తుకు చేరేదాకా స్కీలు భుజాన వేసుకుని బురదలో నడవాలి. పైన పగటి ఎండకు కరిగిన పొర రాత్రి చలికి రాయిలా గడ్డకడుతుంది. పొద్దున ఎండ తగిలాక పైపైన ఒక అంగుళం మెత్తబడుతుంది. ఆ గంటా రెండు గంటల్లో స్కీలు నెయ్యి రాసినట్టు జారుతాయి. ఏడాది మొత్తంలో అంత మంచి వాలు మరెప్పుడూ దొరకదని తెలిసినవాళ్ళు అంటారు. మధ్యాహ్నం దాటితే అదే మంచు నీళ్ళోడుతూ బరువెక్కుతుంది, చరియలు విరిగి పడతాయి, మనుషులు పోతారు. అందుచేత ఆ నెలల్లో కొండకు వెళ్ళేవారు కోడి కూయకముందే లేచి చీకట్లో ఎక్కడం మొదలుపెట్టి, మధ్యాహ్నం కాకముందే దిగి రావాలి.

ఇప్పుడు ఆనాటి కతోలికుని సంగతి ఆలోచించండి. ఈనాడు మనకు దివ్యసత్ప్రసాదానికి ముందు ఒక గంట ఉపవాసం చాలు. శనివారం సాయంత్రపు పూజ కూడా ఆదివారం బాధ్యత తీరుస్తుంది. 1920లలో ఆ రెండు వెసులుబాట్లూ లేవు. సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నుండి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఆదివారం పూజ ఆదివారమే, అదీ పొద్దున. కొండకు వెళ్ళాలంటే ఒకటే దారి. ఊరంతా నిద్రపోతుండగా లేచి, మొట్టమొదటి పూజలో పాల్గొని, అక్కడి నుండి స్కీలతో రైలుకు పరుగెత్తడం. లేకపోతే గురువు ఒకరు వెంట రావాలి. పియెర్ జోర్జో ప్రయాణం తలపెట్టినప్పుడల్లా ముందు తేలవలసిన లెక్క ఇది. జెస్విట్ గురువుల పాఠశాలలో చేరిన 12, 13 ఏళ్ళ వయసు నుండి ఆయనకు ప్రతిదినం సత్ప్రసాదం తీసుకునే అలవాటు. కొండ కోసం ఆ అలవాటును ఆయన వదులుకోలేదు.

ఇంట్లో ఎవరైనా ఈ భక్తి నేర్పారా అంటే, లేదు. తండ్రి అల్ఫ్రేదో ఫ్రస్సాతి ‘లా స్తాంపా’ దినపత్రిక యజమాని, సంపాదకుడు. 1913లో సెనేటరయ్యారు. తర్వాత బెర్లినులో ఇటలీ రాయబారిగా పనిచేసి, ముస్సోలిని అధికారానికి రాగానే రాజీనామా చేశారు. నిజాయితీ గల మనిషి, కాని దేవుని ఊసు లేని మనిషి. తల్లి అడెలైడ్ చిత్రకారిణి. ఇద్దరి మధ్య సఖ్యత లేదు. ఇల్లు పెద్దది, క్రమశిక్షణ కఠినం, చేతికిచ్చే డబ్బు తక్కువ. చదువులో వెనుకబడిన కొడుకు ఎందుకూ కొరగాడేమోనన్న దిగులు తండ్రిది.

సెలవులకు కుటుంబం బియెల్లా దగ్గరి పొల్లోనె గ్రామానికి వెళ్ళేది. అక్కడికి పైన కొండల్లో ఒరోపా పుణ్యక్షేత్రం, నల్లని మరియమాత స్వరూపం ఉన్నాయి. గుణదల కొండ ఎక్కిన మీకు అలాంటి చోటు ఊహించుకోవడం కష్టం కాదు. ఇంట్లోవాళ్ళు లేవకముందే ఆయన బయలుదేరి కాలినడకన ఒరోపా చేరి, పూజ చూసి, జపమాల చెప్పుకుంటూ దిగి, ఉదయపు ఫలహారం వేళకు బల్ల ముందు కూర్చునేవారు.

కొండకు లేచిన వేళకే ఆయన వేరే పనులకూ లేచేవారు. 1918లో, 17 ఏళ్ళ వయసులో పునీత విన్సెంట్ డి పాల్ సభలో చేరారు. మన విచారణలలోనూ ఆ సభ ఉంది కనుక దాని పని మీకు తెలుసు. పేదల ఇళ్ళకు వెళ్ళడం, పక్కన కూర్చోవడం, కావలసింది చేసిపెట్టడం. తూరిన్ పేటల్లోని మేడమెట్ల చివరి గదులకు ఆయన బియ్యం, బూట్లు, మందులు మోసుకుపోయేవారు. రైలులో మూడో తరగతిలోనే కూర్చునేవారు, మిగిలిన డబ్బు అటు పోయేది. ట్రాము డబ్బులు ఎవరికో ఇచ్చేసి భోజనం వేళకు ఇంటికి పరుగెత్తుకుంటూ రావడం మామూలు. బెర్లినులో గడ్డకట్టే చలిలో వణుకుతున్న ఒక మనిషికి తన ఓవరుకోటు ఇచ్చేసి వస్తే తండ్రి కోప్పడ్డారు. ఆ మనిషికి చలిగా ఉంది కదా అన్నదే ఈయన ఇచ్చుకున్న సంజాయిషీ. తూరిన్ ఇంజనీరింగు కళాశాలలో గనుల శాస్త్రం ఎంచుకున్నది కూడా గని కార్మికుల మధ్య క్రీస్తు కోసం పనిచేయాలనే. 1922లో పునీత దోమినిక్ వారి మూడవ సభలో చేరారు. కతోలిక విద్యార్థుల సంఘంలో, ప్రజా పార్టీలో తిరిగారు. 1924లో ఫాసిస్టులు ఇంట్లో జొరబడితే ఎదురు తిరిగి తరిమారు.

ఇలాంటి మనిషికి కొండల మీద ఇంత పిచ్చి ఎందుకు? మిగతా బరువుల నుండి తప్పించుకునే దారి అని కొందరు అనుకున్నారు. నాకు అలా తోచదు. వేసవిలో డబ్బున్నవాళ్ళంతా ఊరు విడిచి పోతే పేదలను ఎవరు చూస్తారని ఆయన తూరిన్‌లోనే ఉండిపోయిన రోజులున్నాయి. తప్పించుకునేవాడు అలా చేయడు. రోజురోజుకూ పర్వతాలంటే ప్రేమ పెరుగుతున్నదనీ, ఆ స్వచ్ఛమైన గాలిలో సృష్టికర్త గొప్పదనాన్ని తలచుకోవాలని ఉంటుందనీ ఆయన స్నేహితులకు రాశారు. ఒరోపా మెట్ల మీద దొరికిందే మంచు మీద కూడా దొరికిందన్నమాట. స్కీల మీద ఆయన లిటిల్ సెయింట్ బెర్నార్డ్ కనుమకు కూడా వెళ్ళారు. 11వ శతాబ్దంలో బాటసారుల కోసం ఆశ్రమాలు కట్టించిన మెంతోను బెర్నార్డు పేరు మోసే కనుమ అది. 1923లో ఆ బెర్నార్డును పర్వతారోహకుల పాలకునిగా ప్రకటించినది పదకొండవ పయస్ పాపుగారు. ఆ పాపుగారు గురువుగా ఉన్నప్పుడు స్వయంగా ఆల్ప్స్ శిఖరాలు ఎక్కిన మనిషి. ఆ రోజుల్లో కొండ ఎక్కే కతోలికులకు ఆ ప్రకటన ఎంత సంతోషం కలిగించి ఉంటుందో!

ఇక ఆ అమ్మాయిల సంగతికి వద్దాం. 1924 మే 18న, లాంజో లోయల పైభాగంలో పియాన్ దెల్లా ముస్సా అనే ఎత్తైన మైదానానికి స్నేహితులు విహారానికి వెళ్ళారు. వసంతం ముగిసే వేళ. అక్కడే ఒక సంఘం పెట్టుకుని దానికి అనుమానాస్పద వ్యక్తుల సంఘం అనే అర్థం వచ్చే పేరు తగిలించారు. పియెర్ జోర్జో తనకు ఫ్రెంచి విప్లవకారుడు రోబెస్పియెర్ పేరు పెట్టుకున్నారు. మిగతావారికీ అలాంటి పేర్లే. ఉత్తర్వులు, ప్రకటనలు, ఫిరంగి మోతల అభివాదాలు, అంతా వేళాకోళం. కాని సంఘం ముడి మాత్రం ప్రార్థన. చదువులు అయిపోయి తలో ఊరికీ పోయినా ఒకరికోసం ఒకరు ప్రార్థించుకోవాలన్నది నియమం. కొండల మీద జపమాల, పాటలు, మూటలోని రొట్టె. వెనుకబడినవారి సంచి కూడా తన వీపున వేసుకునే నాయకుడు. ఆ అనుమానాస్పద సంఘం మీద తర్వాత నిజంగానే అనుమానం వచ్చింది చూశారా! హాస్యం అర్థం కానివారి చేతిలో పడితే హాస్యం కూడా సాక్ష్యమవుతుంది.

అయితే ఒక్క మాట నిజం. ఆ బృందంలోని ఒక అమ్మాయిని పియెర్ జోర్జో ప్రేమించారు. తల్లిదండ్రులు లేని పిల్ల, చదువుకున్నది, భక్తి గలది. ఆయన ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. చెల్లెలు లుచియానాకూ, నమ్మకమైన ఒకరిద్దరు స్నేహితులకూ మాత్రం చెప్పుకున్నారు. ఆ పెళ్ళికి ఇంట్లో ఒప్పుకోరని ఆయనకు తెలుసు. పట్టుబడితే, అప్పటికే విడిపోయే స్థితిలో ఉన్న తల్లిదండ్రుల కాపురం తన మూలంగానే కూలుతుందేమోనని భయపడ్డారు. ఒక ఇల్లు కట్టుకోవడానికి మరొక ఇల్లు పడగొట్టలేనని నిర్ణయించుకున్నారు. 1924-25 శీతాకాలమంతా ఈ బాధ ఆయన లోపలే ఉంది. జనవరిలో లుచియానా ఒక పోలెండు దౌత్యవేత్తను పెళ్ళాడి వెళ్ళిపోయింది. ఆమెను రైలెక్కించిన రోజున స్టేషనులో ఆయన వెక్కివెక్కి ఏడ్చారు. తర్వాత తండ్రి కోరికపై, గనుల కల వదులుకుని పత్రికా కార్యాలయంలో చేరడానికి కూడా తలూపారు.

ఆ అమ్మాయి ఉన్న స్నేహబృందం అలాగే ఉంది, కొండలూ అలాగే ఉన్నాయి. ఆయన మౌనంగా ప్రేమను దాటిపోయారు. అధికారుల బల్ల మీదికి చేరిన గుసగుసలకు ఇంతకంటే మంచి జవాబు నాకు కనబడదు. కాని ఆ జవాబు ఆయన గుండెలో ఉంది, కాగితం మీద లేదు.

1925 జూన్ 7న లాంజో లోయలోని లునెల్లె రాళ్ళు ఎక్కారు. రాతిని పట్టుకుని పైకి చూస్తున్న ఫొటో ఆ రోజుదే. దాని మీద తన చేతితో, ఎత్తుల వైపు పోదామన్న భావం వచ్చేలా రెండు మాటలు రాశారు. అదే ఆఖరి కొండ అయింది.

జూన్ చివర తలనొప్పి, జ్వరం. ఇంట్లో అమ్మమ్మ చావుబతుకుల్లో ఉంది, అందరి చూపూ ఆవిడ మీదే. కొడుకు కాళ్ళు పట్టు తప్పుతున్నాయని ఎవరూ గమనించలేదు. ఎవరికీ ఇబ్బంది కలగకూడదని ఆయన కూడా చెప్పలేదు. జూలై 1న అమ్మమ్మ పోయింది. మంచం మీది నుండి లేవలేక ఆయన అంత్యక్రియలకు వెళ్ళలేదు. అప్పుడు గాని డాక్టర్లు అది పోలియో అని తేల్చలేదు. పేదల ఇళ్ళలోనే అంటుకుని ఉంటుందని అనుకున్నారు. 3వ తేదీ శుక్రవారం. అది ఆయన పేదల ఇళ్ళకు వెళ్ళే రోజు. పక్షవాతం వచ్చిన చేతితో, గజిబిజి అక్షరాలతో ఒక స్నేహితునికి చీటీ రాశారు. ఫలానా రోగికి ఇంజెక్షన్లు చేర్చాలి, మరొకరి తాకట్టు చీటీ గడువు తీరకముందే తన లెక్కలో మార్పించాలి. మరునాడు సాయంత్రం ప్రాణం పోయింది. పట్టా చేతికి రావడానికి రెండు పరీక్షలే మిగిలి ఉన్నాయి.

తండ్రి గొప్పవాడు కనుక శవయాత్రకు గొప్పవారు వస్తారని ఇంటివాళ్ళు అనుకున్నారు. వీధుల నిండా నిలబడినది పేదలు. ఆ వేలమంది ఎవరో తల్లికీ తండ్రికీ తెలియదు. ఆ పేదలకు మాత్రం ఈయన ఫ్రస్సాతి సెనేటరు కొడుకని అప్పుడే తెలిసింది. తన కొడుకును తాను ఎరుగనని అల్ఫ్రేదోగారికి అర్థమైన రోజు అది. చాలా ఏళ్ళకు ఆయన కూడా దేవుని దగ్గరకు తిరిగి వచ్చారు.

అన్న పేరు మీద పడిన మచ్చను తుడవడానికి లుచియానా బతుకంతా తిరిగింది. కొండలకు వెంట వెళ్ళినవారిని, పేదల ఇళ్ళలో చూసినవారిని వెతికి, మాటలు సేకరించి, పుస్తకాలు రాసింది. 105 ఏళ్ళు బతికి 2007లో పోయింది. 1981లో సమాధి తెరిచి చూస్తే శరీరం చెడకుండా ఉంది. 1990 మే 20న ధన్యజీవిగా ప్రకటించినది రెండవ జాన్ పాల్ పాపుగారు. ఆయనే 1984 జూలైలో అదమెల్లో హిమానీనదం మీద ఇటలీ అధ్యక్షుడు చూస్తుండగా స్కీయింగు చేసిన పాపుగారు! సువార్తలోని అష్టభాగ్యాలను జీవించిన మనిషి అని ఫ్రస్సాతిని యువతకు చూపించిందీ ఆయనే. కొండ మీది యువతీ యువకుల నవ్వులను చూసి భయపడని కళ్ళు అక్కడ కావలసి వచ్చాయి.

పునీత పట్టానికి ఆధారమైన అద్భుతం కూడా ఆటస్థలం నుండే వచ్చింది. అమెరికాలో 2017లో ఒక గురువిద్యార్థి బాస్కెట్‌బాల్ ఆడుతూ మడమ దగ్గరి స్నాయువు దెబ్బతీసుకున్నాడు. ఈయన పేరున నవదిన ప్రార్థన చేస్తుండగా స్వస్థపడ్డాడు. ఇటలీలో 1996 నుండి ప్రాంతానికొకటి చొప్పున కొండబాటలకు ఫ్రస్సాతి పేరు పెట్టారు. ఆయన పండుగ జూలై 4.

మొదట పొల్లోనెలోని కుటుంబ సమాధిలో ఉంచిన ఆయన దేహం 1990 నుండి తూరిన్ కథెడ్రల్‌లో, ఎడమవైపు ఒక పీఠం కింద ఉంది. ప్రభువు పవిత్ర వస్త్రాన్ని భద్రపరిచిన దేవాలయమే అది. ఏప్రిల్‌లో ఆఖరి మంచు కోసం సూసా లోయకు వెళ్ళేవారు ఇప్పటికీ తూరిన్‌లోనే రైలు ఎక్కుతారు.